పుంజు చెయ్యాల్సిన పని

ఆ ఇంట్లో మాస్టర్‌ని చూస్తే పడనివాళ్లు ఇద్దరే. ఒకరు పెద్దావిడ, ఇంకొకటి కోడిపుంజు. పెద్దావిడ నోరు తెరిచి ఏమీ అనేది కాదు కాబట్టి ఆవిడ సంగతి మాస్టర్‌కి సగమే తెలుసు. పుంజు మాత్రం ఏదీ కడుపులో దాచుకునే రకం కాదు. పొద్దున్నే పెరటి తలుపు తెరుచుకోవడం ఆలస్యం, మెడ ఈకలన్నీ గొడుగులా విప్పి, తల నేలకు వంచి, తిన్నగా ఆయన పిక్కల మీదికి వచ్చేది.

మాస్టర్ అంటే బడిపంతులు కాదు, వంట మాస్టర్. ఊరి చివర ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సాయంత్రం షిఫ్టు ఆయనది. మీసం రాకముందే అంట్లు తోమడానికి దూరి, కూరలు తరిగి, పొయ్యి ఊది, చివరికి గరిటె పట్టినవాడు. యాభై దగ్గర పడేదాకా క్యాంటీన్ల వెనక గదుల్లో ఒక ట్రంకుపెట్టె, ఒక మడతమంచంతో గడిపేశాడు. వేలమందిని కేకేసి పిలిచి తిండి పెట్టాడు. తను మాత్రం అందరిదీ అయ్యాక, గిన్నె అడుగున మిగిలిందేదో పొయ్యి పక్కన నిలబడి తినేవాడు. వంటవాడి బతుకంతే కదా అనుకునేవాడు. అందులో బాధపడాల్సింది ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒకసారి మరిగే నూనె చేతిమీద పడి ఆస్పత్రికి వెళ్తే, కట్టు కట్టిన నర్సు ఆయన మనసులో పడింది. చెయ్యి మానిపోయాక కూడా కట్టు మార్పించుకోవడానికి వెళ్లేవాడు. ఆస్పత్రిలో అందరూ పిలిచినట్టే ఆయనా ఆమెను సిస్టర్ అనే పిలిచేవాడు. పిలుస్తూ పిలుస్తూనే ఒకరోజు పెళ్లి మాట ఎత్తాడు. "సిస్టర్ సిస్టర్ అంటూనే రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకుపోయాడమ్మా, వీడి నోటికీ మనసుకీ పొంతనే లేదు!" అని ఆస్పత్రి ఆయా ఇప్పటికీ కనపడ్డవాళ్లకల్లా చెప్పి నవ్వుతుంది.

నర్సుకు అది రెండో పెళ్లి. మొదటి భర్త లారీ డ్రైవరు, కామెర్లొచ్చి పోయాడు. అతని తల్లే ఈ పెద్దావిడ. కొడుకు పోయాక ఆవిడ కోడల్ని విడిచి వెళ్లలేదు, కోడలూ ఆవిణ్ణి వెళ్లనివ్వలేదు. "అత్తయ్య నాతోనే ఉంటుంది. దానికి సరేనంటేనే మిగతా మాటలు" అని నర్సు ముందే చెప్పేసింది. మాస్టర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. తల్లి ముఖమే గుర్తులేని మనిషికి ఇల్లూ, ఇంట్లో ఒక పెద్దదిక్కూ ఒక్కసారే దొరుకుతుంటే ఎందుకు కాదంటాడు?

వచ్చాక తెలిసింది చిక్కు. ఆవిణ్ణి ఏమని పిలవాలి? మనకు వరసలకు కరువా! మేనత్త తోడికోడలి ఆడపడుచుకి కూడా ఎక్కడో ఒకచోట ఒక వరస తగులుతుంది. పెళ్లాం మొదటి మొగుడి తల్లికి మాత్రం ఏ మహానుభావుడూ పేరు పెట్టి పోలేదు. అత్తయ్యా అంటే ఆవిడ వినిపించుకోలేదు. అమ్మా అంటే లేచి లోపలికెళ్లిపోయింది. చివరికి ఆయన 'ఇదిగోనండీ' దగ్గర స్థిరపడ్డాడు. ఆవిడ ఆ మాత్రం కూడా పిలిచేది కాదు. తప్పనిసరై కోడలితో చెప్పాల్సి వస్తే "ఆ వచ్చినాయన" అనేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఇంట్లో అడుగుపెట్టిన వారానికే మాస్టర్ వంటగది మొత్తం తన మీద వేసుకున్నాడు. అంతకుముందు అది పెద్దావిడ రాజ్యం. ఆవిడ వంట గొప్పదని ఎవరూ అనరు. ఉప్పు చెయ్యి జారుతుంది, కూర అడుగంటుతుంది. కానీ వంటయ్యాక గరిటెతో గిన్నె అంచు మీద టంగు టంగుమని రెండు దెబ్బలు కొట్టి, "అన్నానికి రండి!" అని ఆవిడ కేకేస్తే వీధి చివర లారీ కడుక్కుంటున్న కొడుకు కూడా బక్కెట్టు వదిలేసి వచ్చేవాడట. ఎవరికి ఎంత, ఎవరికి ముందు, ఎవరికి అడుగుమాడు అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. మాస్టర్ ఇవేమీ ఆలోచించలేదు. పెద్దావిడ, మోకాళ్ల నొప్పులు, పాపం అనుకున్నాడు. "మీరు కూర్చోండి, ఇదిగోనండీ, నేను ఉన్నాగా!" అన్నాడు. ఆవిడ గరిటె అక్కడే పెట్టేసి, పెరటి మెట్ల మీదికెళ్లి కూర్చుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో గిన్నె మోగలేదు.

వంటగదితో ఆగితే బాగుండేది. కోళ్ల పని కూడా ఆవిడదే అని తెలిసి, నడుము వంచే పని ఆవిడకెందుకని పొద్దున్నే ఆవిడ చెయ్యి పెట్టకముందే అదీ తనే చేసేయడం మొదలుపెట్టాడు.

పెరడు పెద్దదేం కాదు. ఒక వైపు ప్రహరీ గోడ, ఇంకో వైపు రేకుల షెడ్డు, మధ్యలో ఇనుప స్టాండు మీద నీళ్ల ట్యాంకు. ఆరు పెట్టలు, ఒక పుంజు. పుంజు పేరు క్లీనర్. లారీ డ్రైవరు పెట్టిన పేరది. పిల్లగా ఉన్నప్పుడు లారీ వెనక్కి వస్తుంటే ఎదురుగా నిలబడి కీచుమని అరిచేదట, రైట్ రైట్ అని దారి చూపిస్తున్నట్టు. "నాకు జీతం లేని క్లీనర్ దొరికాడు" అని అతను దాన్ని క్యాబిన్‌లో ఎక్కించుకుని తిప్పేవాడట. ఇప్పుడు లారీ లేదు, డ్రైవరూ లేడు. క్లీనర్ మాత్రం ఎర్రటి తురాయితో, కాలి వెనక వేలెడు పొడుగు ముల్లుతో పెరడంతా తనదే అన్నట్టు తిరుగుతోంది.

మాస్టర్ దాంతో ఎన్ని రాజీలు పడదామనుకున్నాడో! నూకలు పట్టుకెళ్లాడు, రొట్టెముక్కలు పట్టుకెళ్లాడు, క్యాంటీన్ నుంచి ఉడికిన బఠాణీలు పొట్లం కట్టించుకుని మరీ వచ్చాడు. పెరటి నడిమధ్య నిలబడి, క్యాంటీన్ గొంతు తీసి, "బో బో బో బో!" అని పిలిచేవాడు. పెట్టలన్నీ రెక్కలు కొట్టుకుంటూ ఆయన కాళ్ల దగ్గరికి వచ్చేవి. పుంజు వస్తే చేత్తో అదిలించేవాడు. "మగాడివి, కాస్త ఆగు. ఆడాళ్లని తిననీ" అని దానికి మర్యాద నేర్పబోయేవాడు. దానికి తోడు తెల్లపెట్ట వీపు మీద ఈకలు ఊడి చర్మం కనిపిస్తుంటే ఆయన మనసు ఊరుకోలేదు. ఆ పుంజు ఎప్పుడూ దాన్నే ఎక్కుతుంది, దాని మీదే మోజు. మాస్టర్ ఆ పెట్టను పట్టుకుని ఒళ్లో పెట్టుకుని నర్సు ఇచ్చిన మందు రాసేవాడు. అది కొంప మునిగినట్టు అరిచేది. ఇంకేముంది, క్లీనర్ వచ్చి పడేది. మాస్టర్ ఒక పక్కకి గెంతేవాడు, అది అదే పక్కకి గెంతేది. మళ్లీ ఇంకో పక్కకి. చూసేవాళ్లకి ఇద్దరూ ఏదో ఆట కట్టినట్టు ఉండేది. పెద్దావిడ మెట్ల మీద కూర్చుని చూసేది. పెదవి కొస మీద ఏదో కదిలేది గానీ నవ్వు అని చెప్పడానికి లేదు.

క్యాంటీన్‌లో సలహాలకు కొదవా? తలకిందులుగా పట్టుకో అన్నాడొకడు. నీళ్లు చల్లు అన్నాడొకడు. ఊడ్చే చీపురు చూపిస్తే చాలన్నాడు ఇంకొకడు, ఇంట్లో అది చూసి తను ఆగిపోతాడట కాబట్టి. మాస్టర్ చివరికి పెద్ద డేగిసా మూతను డాలులా పట్టుకుని పెరట్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ మూత మీద తన బొమ్మ తనకే కనపడి క్లీనర్‌కి ఇంకా పిచ్చెక్కింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది.

శుక్రవారం పొద్దున మూత జారింది. ముల్లు పిక్కలో దిగింది.

నర్సు రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వస్తోంది. గుమ్మం దగ్గర నుంచి వంటగది దాకా రక్తం చుక్కలు చూసి చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది. గాయం కడిగింది, కట్టు కట్టింది, ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ చేయించింది. ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చోబెట్టి కాలు స్టూలు మీద పెట్టించింది. అప్పుడు గానీ ఆమె కోపం బయటికి రాలేదు.

"ఇంక చాలు. ఆదివారం దీన్ని కోయించేస్తా. మాంసం కొట్టాయనకి చెప్పేస్తున్నా."

పెరటి మెట్ల మీద నుంచి పెద్దావిడ గొంతు వచ్చింది. గట్టిగా కూడా అనలేదు.

"కోయించుకోండమ్మా. కోయించుకుని వండుకోండి. ఆ గిన్నె పొయ్యి దిగేలోపు నేను మా తమ్ముడింటికి వెళ్లిపోతా."

"అత్తయ్యా! ఒక కోడి కోసం వెళ్లిపోతావా?"

"ఒక కోడి కోసం కాదు" అంది పెద్దావిడ. లోపలికెళ్లి మంచం కింద నుంచి సంచి లాగిన చప్పుడు వినిపించింది. నర్సు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆస్పత్రిలో ఎన్ని చూసినా చలించని మనిషి.

మాస్టర్‌కి పిక్క నొప్పి పోయి వేరే నొప్పి మొదలైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. పుంజును ఉంచితే తను పెరట్లోకి అడుగు పెట్టలేడు. తీసేస్తే కొడుకు చేతుల మీద పెరిగిన ఆ ఒక్క ప్రాణాన్నీ కోసి, ఆ కూర వండాల్సింది కూడా తనే. వంట మాస్టర్ కదా! పెద్దావిడ వెళ్లిపోతుంది. నర్సు ఆయన్ని ఏమీ అనదు. ఏమీ అనకుండా జీవితమంతా ఆయన వండింది తింటుంది. నలభై ఏళ్లు ఇల్లు లేకుండా బతికినవాడు ఇంటికి వచ్చి ఆ ఇంటి మనిషినే బయటికి పంపాడని లోకం అనుకోకపోయినా తను అనుకోవాలి. అది ఆయన వల్ల కాదు. పాత ట్రంకుపెట్టె ఎక్కడ పెట్టానా అని కూడా ఒకసారి ఆలోచించాడు.

శనివారం పొద్దున నర్సు ఆయన్ని పెరట్లోకి వెళ్లనివ్వలేదు. వంటగది కిటికీ పక్కన కుర్చీ వేసి, కదిలితే మళ్లీ ఇంజెక్షన్ పొడుస్తానని బెదిరించి పడుకోవడానికి వెళ్లింది. కాబట్టి ఆ రోజు కోళ్లకు గింజలు వేసింది పెద్దావిడే. మాస్టర్ కిటికీలోంచి చూశాడు.

చూసి, మొదట ఆవిడకు ఈ పని రాదేమో అనుకున్నాడు. ఆవిడ పిలవలేదు. "బో బో" లేదు, ఏమీ లేదు. పిడికెడు నూకలు తీసుకుని మెల్లగా నడిచి వెళ్లింది. పుంజు ముఖం కూడా చూడలేదు. దాని ముందు నేల మీద చేతిలోవి వదిలేసి, వీపు తిప్పి, వచ్చి మెట్ల మీద కూర్చుంది. పెట్టలు దూరంగా షెడ్డు దగ్గర మట్టి కెలుక్కుంటున్నాయి. వాటికి తెలియను కూడా తెలియదు.

క్లీనర్ తల ఒక పక్కకు వంచి ఆ నూకల్ని చూసింది. ఒక గింజ ముక్కుతో ఎత్తింది, కింద పడేసింది. మళ్లీ ఎత్తింది, పడేసింది. ఎత్తుతూ పడేస్తూ గొంతులోంచి కుక్ కుక్ కుక్ కుక్ అని గబగబా, మెత్తగా ఒక చప్పుడు చేసింది. అంతే, పెట్టలన్నీ పరుగు! నల్లది ముందు, తెల్లది వెనక, అన్నిటికన్నా వెనక కుంటిపెట్ట ఎగురుతూ దొర్లుతూ. అవి వచ్చి తింటుంటే పుంజు రెండడుగులు వెనక్కి జరిగి, మెడ నిక్కించి, ఒక కన్ను గోడమీద, ఒక కన్ను ఆకాశం మీద వేసి నిలబడింది. ఒక్క గింజ తినలేదు. నల్లది కుంటిదాన్ని పొడవబోతే వెళ్లి రెండిటి మధ్యా అడ్డంగా నిలబడింది. పొడవలేదు, అరవలేదు, ఊరికే నిలబడింది. నల్లది తోక ముడిచి పక్కకు జరిగింది. తర్వాత పుంజు తెల్లదాని పక్కకు చేరి, ఒక రెక్క నేలకు జార్చి, దాని చుట్టూ పక్కవాటుగా చిందు వేసింది. తెల్లది గింజలు ఏరుకోవడంలో ఉండి పట్టించుకోలేదు.

మాస్టర్ కుర్చీ అంచుకు జరిగాడు. ఆ పక్కవాటు చిందును ఆయన గుర్తుపట్టాడు. తప్పించుకోవడానికి రోజూ తను వేసేది అదే.

కాసేపటికి క్లీనర్ ఇంకోసారి కుక్ కుక్ అని పిలిచింది. తెల్లపెట్ట ఆశగా పరిగెత్తింది. చూస్తే పుంజు ముక్కులో గింజ లేదు, ఎండుపుల్ల ముక్క. దగ్గరికి రప్పించుకోవడానికి వేసిన ఎత్తు అది. తెల్లది ఛీ అన్నట్టు తల తిప్పుకుని వెళ్లిపోయింది.

"దొంగ వెధవ" అంది పెద్దావిడ మెట్ల మీద నుంచి, ముద్దుగా. "ఉత్త నోటితో పిలవకూడదురా. ఇంకోసారి పిలిస్తే ఎవరొస్తారు నీకు?"

మాస్టర్‌కి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే పెరటి మీద నీడ పడింది. క్లీనర్ గొంతులోంచి అంతదాకా వినని చప్పుడు ఒకటి సన్నగా, పొడుగ్గా సాగింది. కళ్లు మూసి తెరిచేలోపు పెట్టలు నీళ్ల ట్యాంకు కింద దూరి నేలకు అంటుకుపోయాయి. కుంటిది ఇంకా దారిలోనే ఉంది. పైన గద్ద ఒక చుట్టు తిరిగింది. పుంజు ఎండలో, నడి పెరట్లో, కుంటిది ట్యాంకు కిందికి చేరేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాతే తనూ దూరింది. గద్ద వెళ్లిపోయింది.

మాస్టర్ గాయమైన పిక్క మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ పుంజు మీద గౌరవం కలిగింది, నిజం చెప్పాలంటే సిగ్గు కూడా వేసింది. తను చేసిందేమిటి? దాని పెరట్లో, దాని పెట్టల మధ్య నిలబడి, దానికన్నా పెద్ద గొంతుతో, దానికన్నా మంచి తిండి చూపించి పిలిచాడు. అది వస్తే పో అన్నాడు. దాని ముద్దుల పెట్టను ఒళ్లోకి లాక్కుని అరిపించాడు. పైగా ఎదురుగా చిందులు! తను మంచితనం అనుకున్నదంతా దాని కంటికి పోటీకొచ్చిన ఇంకో పుంజు చేసే పనే. అది పొడవక దండం పెడుతుందా?

సరే, పుంజు సంగతి అర్థమైంది. రెండో సంగతి అర్థం కావడానికి సాయంత్రం దాకా పట్టింది.

కుంటుకుంటూనే షిఫ్టుకు వెళ్లాడు. క్యాంటీన్‌లో ఆయన కింద పనిచేసే రెండో వంటాయన మంచివాడు, మెతక మనిషి. మాస్టర్ కాలి కట్టు చూసి అయ్యో అన్నాడు. కుర్చీ తెచ్చి గోడ పక్కన వేశాడు. భోజనాల గంట కొట్టే వేళకు మాస్టర్ చేతిలోంచి గరిటె మర్యాదగా తీసుకున్నాడు.

"మీరు కూర్చోండి మాస్టర్. నేను ఉన్నాగా!"

ఆ తర్వాత తనే వెళ్లి కిటికీ తెరిచి, "రండి బాబూ, రండి!" అని కేకేశాడు. జనం వచ్చారు, వరసలో నిలబడ్డారు, తిన్నారు, వెళ్లారు. మాస్టర్ గోడ పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. మొదట చిరాకేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ రెండో వంటాయన పిక్క మీద ఎగిరి ఒక్కటి తన్నాలన్నంత కోపం! వాడు చేసిన తప్పేమిటి, నీ కాలు నొప్పని చెయ్యి సాయం పట్టాడు, అంతేగా అని తనకు తనే నచ్చజెప్పుకోబోయాడు. ఆ మాట సగంలో ఉండగానే ఆయనకు పెరటి మెట్లు కళ్ల ముందు కనపడ్డాయి. ఆ మెట్ల మీద ఇన్నాళ్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కనపడింది.

"ఏంటి మాస్టర్, నొప్పిగా ఉందా?" అన్నాడు రెండో వంటాయన.

"ఉందయ్యా, బాగా ఉంది" అన్నాడు మాస్టర్.

ఆదివారం పొద్దున ఆయన లేచేసరికి నర్సు లేచే ఉంది. పెద్దావిడ గది గుమ్మంలో సంచి కట్టి పెట్టి ఉంది. మాంసం కొట్టాయన తొమ్మిదింటికి వస్తానన్నాడట. మాస్టర్ బూట్లు తొడుక్కుని, పిడికెడు నూకలు తీసుకుని పెరటి తలుపు తెరిచాడు.

"ఏవండీ, మీకేమైనా మతిపోయిందా?" అని నర్సు వెనకాల నుంచి అరిచింది.

క్లీనర్ ఆయన్ని చూసింది. మెడ ఈకలు విప్పింది. మాస్టర్ ఈసారి పక్కకు గెంతలేదు. అది వచ్చి బూటు మీద ఒక్కటి ఇచ్చింది. ఆయన కదల్లేదు. ఇంకొకటి ఇచ్చింది. నోరెత్తలేదు. అది ఆగి, ఇదేమిటి ఇవాళ వీడు ఆడటం లేదన్నట్టు ఒంటికన్నుతో పైకి చూసింది. ఆయన మెల్లగా వంగి దాని ముందు నూకలు వదిలి, వీపు తిప్పాడు. కత్తిలాంటి ముల్లున్నవాడికి వీపు చూపించి నడవడం ఎంత కష్టమో నడిచినవాడికే తెలుస్తుంది. మెట్ల దాకా వచ్చి, అక్కడే కూర్చుని చూస్తున్న పెద్దావిడ పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాడు. వెనక ఏ చప్పుడూ లేదు. ఎంతసేపటికీ లేదు.

అప్పుడు వినిపించింది, కుక్ కుక్ కుక్ కుక్ అని. పెట్టల పరుగు వినిపించింది.

పెద్దావిడ పెరట్లోకే చూస్తూ అంది. "తెలిసిందా?"

"తెలిసిందండీ. మీకు ముందే తెలుసుగా?"

"తెలుసు."

"ఒక్క ముక్క చెప్పకపోయారా? కాలు పోయేది."

"అడిగావా?" అంది ఆవిడ. ఆ తర్వాత "చెప్పాల్సింది. నాకూ బుద్ధి లేకపోయింది. అది నిన్ను పొడుస్తుంటే నా కడుపు చల్లగా ఉండేది" అంది.

మాస్టర్ దానికి కోపం తెచ్చుకోలేదు. ఆయన పొయ్యి దగ్గర పెరిగిన మనిషి, మంట ఎక్కడిదో తెలిస్తే చాలు.

మాంసం కొట్టాయన వచ్చాడు. మాస్టరే గుమ్మంలోకి వెళ్లి పుంజు లేదు ఏమీ లేదని పంపించేశాడు. ఆదివారం పూట బేరాలు వదులుకుని వస్తే ఇదేం వరసని అతను నానా మాటలూ అన్నాడు. నర్సు నాలుగు గుడ్లు చేతిలో పెడితే శాంతించి వెళ్లాడు. కట్టిన సంచి మాత్రం ఇంకా గుమ్మంలోనే ఉంది. అది చూస్తూనే ఆయన వంటగదిలోకి వెళ్లాడు.

బంగాళాదుంపలు తరిగాడు, ఉల్లిపాయలు వేయించాడు, కూర ఉడికించాడు. ఎప్పటిలాగే ఇల్లంతా వాసన పట్టింది. ఉడికాక ఉప్పు డబ్బా దగ్గరికి వెళ్లిన చెయ్యి ఆగింది. డబ్బా మూత తీయలేదు. గిన్నె దించి బల్ల మీద, ఒకప్పుడు పెద్దావిడ కూర్చునే ఎత్తుపీట ముందు పెట్టాడు. పక్కన ఉప్పు డబ్బా, పళ్లాలు, గరిటె. వడ్డించండి అనలేదు, మీ ఇష్టం అనలేదు, ఇదిగోనండీ అని కూడా అనలేదు. అంటే అది మళ్లీ తన దానమే అవుతుంది. వీపు తిప్పుకుని పెరట్లోకి వెళ్లి, ఆవిడ అప్పటికే లేచి గదిలోకి వెళ్లడంతో ఖాళీ అయిన మెట్టు మీద కూర్చున్నాడు.

పుంజు కన్నా మనిషి కష్టం. పుంజు గింజను చూసి ఊరుకోలేదు, మనిషి ఊరుకోగలడు. లోపల పెద్దావిడ అడుగులు గదిలోంచి వంటగది దాకా వచ్చి ఆగిపోయాయి. నీళ్ల ట్యాంకు నుంచి చుక్కలు పడుతున్నాయి. తెల్లపెట్ట ఆయన బూటు పక్కన మట్టి కెలుక్కుంటోంది, క్లీనర్ దూరం నుంచి ఆయన్ని ఓ కంట కనిపెడుతోంది. ఆవిడ సంచి తీసుకుంటుందేమో, వీధి తలుపు చప్పుడవుతుందేమో అని ఆయన చెవులు రిక్కించి కూర్చున్నాడు. అంత భయం ఆయనకు మరిగే నూనె చేతిమీద పడ్డ రోజున కూడా వేయలేదు.

ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడైంది. పీట జరిగింది.

టంగు. టంగు.

లోపల గదిలో నర్సు చేతిలోంచి ఏదో కింద పడింది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో ఆమెకే తెలుసు.

"అమ్మాయ్! అన్నానికి రా!" అని పెద్దావిడ కేకేసింది. గొంతు కొంచెం బొంగురు పోయింది, వాడకం లేక. తర్వాత ఆగింది. పిలవాల్సిన మనిషి ఇంకొకడున్నాడు, ఆయన్ని ఏమని పిలవాలో ఆవిడకూ తెలియదు. ఆ వరస ఆవిడ దగ్గరా లేదు.

"ఒరే మాస్టరూ! నీక్కూడానురా! చల్లారిపోతోంది, రా!"

మాస్టర్ వెంటనే లేవలేకపోయాడు. నలభై ఏళ్లుగా ఎన్ని వేల నోళ్లని పిలిచాడో లెక్క లేదు. అన్నానికి రారా అని తనని ఎవరైనా కేకేసింది మాత్రం ఇదే మొదటిసారి. కాలు నొప్పి వల్ల లేవలేదనుకుని నర్సు గుమ్మంలోకి వచ్చి చెయ్యి అందించింది. ఆయన కళ్లు చూసి ఆమె ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

బల్ల దగ్గర మూడు పళ్లాలున్నాయి. పెద్దావిడ ముందు కోడలికి వడ్డించింది, తర్వాత ఆయనకు, తనది చివర. ఇద్దరూ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తను తినకుండా చూస్తూ కూర్చుంది.

కూరలో ఉప్పు ఎక్కువైంది. మాస్టర్ రెండోసారి వేయించుకున్నాడు.